కొసరు కాదు, మన కూలే

సంతకి వెళ్లిన ప్రతి గిరిజనుడికీ కొసరు సంగతి తెలుసు. షావుకారు చింతపండు తూస్తాడు. కాటాలో ఎంత నొక్కేశాడో మనకి తెలీదు. లెక్క కట్టి డబ్బులు చేతిలో పెట్టాక, చివర్లో ఒక పిడికెడు ఉప్పు మన కొంగులో పోసి "ఇది ఊరికే, నా తరపున" అంటాడు. మన తాతలు ఆ ఉప్పుకి దండం పెట్టి మరీ కొండెక్కారు. ఉప్పు ధర తూకంలోనే తీసేసుకున్నాడని వాళ్లకి చెప్పినవాడు లేడు.

ఇప్పుడు సంతలో ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. కొసరు మాత్రం ఉద్యోగాల్లోకి వచ్చింది. "మీకు జీతంతోపాటు ఈఎస్‌ఐ కూడా ఇస్తున్నాం, ఇంకేం కావాలి?" అని మన పిల్లలకి చెబుతున్నారు. ఆశ్రమ పాఠశాలలో వంట చేసే అక్కకి చెబుతున్నారు. ఐటీడీఏ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే తమ్ముడికి చెబుతున్నారు. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీలకి దిగిపోయిన కుర్రాళ్లకీ, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర రాత్రంతా నిలబడే మనవాళ్లకీ చెబుతున్నారు. ఆ 'ఇస్తున్నాం' అనే మాట మీదే మా గొడవ.

ముందుగా ఒక చిన్న సర్దుబాటు. ఏజెన్సీ అంటే మనకి రెండు అర్థాలు. ఒకటి మన కొండలు, రెండోది మన జీతం కోసే ఆఫీసు. చదివేవాళ్లు తికమక పడకుండా రెండోదాన్ని ఈ వ్యాసంలో కాంట్రాక్టరు అనే అంటాం. వాడికి ఆ పేరే సరిపోతుంది కూడా.

లెక్కలోకి వద్దాం. పంతుళ్లు ఇది నల్లబల్ల మీద వేసి పిల్లలకి చూపించినా తప్పులేదు. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం అవుట్‌సోర్సింగ్ ఉద్యోగుల జీతాలు మూడు మెట్లుగా పెంచింది: 15,600, 19,500, 22,750. కింది మెట్టు తీసుకుందాం. 2019 జూలై నుంచి ఈఎస్‌ఐ చందా ఉద్యోగి వైపు నుంచి నూటికి ముప్పావలా, అంటే 0.75 శాతం. యజమాని వైపు నుంచి 3.25 శాతం. 15,600 మీద ఉద్యోగి వాటా 117 రూపాయలు. యజమాని వాటా 507. మొత్తం నెలకి 624, ఏడాదికి 7,488 రూపాయలు.

ఆ 117 మనదని అందరూ ఒప్పుకుంటారు, జీతంలోంచి కోసేది కళ్లకి కనిపిస్తుంది కాబట్టి. 507 ఎవరిది? యజమానిది అంటారు. అక్కడే కొసరు ఉంది.

ప్రైవేటు కంపెనీలో చేరిన మన కుర్రాడి ఆఫర్ లెటర్ తీసి చూడండి. అందులో సీటీసీ అని ఒక పెద్ద అంకె ఉంటుంది. ఆ మనిషిని పనిలో పెట్టుకుంటే కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు అది. దాని కింద వరసగా చూస్తూ పోతే బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, ఆ తర్వాత 'యజమాని పీఎఫ్ వాటా', 'యజమాని ఈఎస్‌ఐ వాటా'. అంటే కంపెనీ తన చేత్తో తనే రాసుకుంది, అది నీ జీతం లెక్కలోదేనని. చేరేటప్పుడు పెద్ద అంకె చూపించడానికి ఆ వాటాని నీ జీతంలో కలుపుతుంది. చేరాక నువ్వు జబ్బు పడి ఏదైనా అడిగితే, అదే వాటా కంపెనీ దయ అవుతుంది. ఒకే డబ్బు రెండు పేర్లతో తిరుగుతోంది.

అవుట్‌సోర్సింగ్‌లో ఇది ఇంకా సూటిగా ఉంటుంది. ఒక వంటమనిషికి నెలకి ఇంత ఖర్చు అని శాఖ లెక్క వేసుకునేటప్పుడు అందులో జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ, కాంట్రాక్టరు సర్వీస్ ఛార్జీ అన్నీ చేరతాయి. ఆ మొత్తం మంజూరయ్యేది ఆమె చేసే పనికే. పొద్దున్న నాలుగింటికి లేచి మూడు వందల మంది పిల్లలకి ఉప్మా కలిపే ఆ రెండు చేతుల్ని చూపించే ఆ డబ్బు ఖజానాలోంచి బయటికి వస్తుంది. కాంట్రాక్టరు జేబులోంచి ఒక్క రూపాయి కూడా అందులో ఉండదు. అయినా వాడి సూపర్‌వైజరు వచ్చి "మేం కడుతున్నాం" అంటాడు.

ఆర్థికశాస్త్రం చెప్పే మాస్టార్లకి ఇది కొత్త కాదు. పన్ను ఎవరి చేత్తో కట్టించారన్నది ఒకటి, దాని బరువు చివరికి ఎవరి వీపు మీద పడిందన్నది ఇంకొకటి. యజమాని ఒక మనిషికి ఎంత పెట్టగలడో ముందే లెక్క వేసుకుంటాడు. అందులోంచి బీమాకి పోయింది పోగా మిగిలిందే జీతం అంటాడు. దీనికి అడ్డం వాదించేవాళ్లు ఉన్నారు. బీమా భారమంతా కూలీ మీదే పడదు, కొంత లాభంలోంచి, కొంత సరుకు ధరలోంచి కూడా పోతుందంటారు. కొన్ని చోట్ల అది నిజమే కావచ్చు. గట్టి సంఘం ఉన్న చోట, బేరం ఆడగలిగిన చోట యజమాని కొంత తన లాభంలోంచి వదులుకోక తప్పదు. మన కొండల్లో ఏ వంటమనిషికి బేరం ఆడే బలం ఉంది? మూడు నెలలు జీతం రాకపోయినా నోరెత్తని చోట బరువు ఎటు జారుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక పరీక్ష కూడా జరిగింది. 2019 జూలైకి ముందు యజమాని వాటా 4.75 శాతం, ఉద్యోగి వాటా 1.75 శాతం. కేంద్రం రెండూ తగ్గించింది. ఉద్యోగికి ఒక శాతం కోత తగ్గి, ఆ మేరకు చేతికొచ్చేది పెరిగింది, బాగానే ఉంది. యజమానికి ఒకటిన్నర శాతం మిగిలింది. నెలకి 15,000 జీతం మీద అది 225 రూపాయలు. ఆ 225 ఎవరికైనా జీతంలో కలిసి వచ్చిందా? మాకు తెలిసిన ఏ హాస్టల్లోనూ, ఏ కంపెనీలోనూ రాలేదు. వాటా పెంచినప్పుడు "ఖర్చు పెరిగింది, జీతం పెంచలేం" అనే గొంతులు, తగ్గించినప్పుడు మాట్లాడలేదు. భారం కిందికి జారుతుంది, మిగులు పైనే ఉండిపోతుంది.

చట్టం మాత్రం ఈ విషయంలో తిన్నగానే రాసింది. 1944లో బి.పి. అడార్కర్ ఇచ్చిన నివేదిక పునాదిగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో, ఢిల్లీలో అమలు మొదలైంది. ఆ చట్టం 40వ సెక్షన్ ప్రకారం రెండు వాటాలూ మొదట కట్టాల్సింది అసలు యజమాని. ఉద్యోగి వాటాని తర్వాత జీతంలోంచి తీసుకోవచ్చు. తన వాటాని మాత్రం ఏ రూపంలోనూ ఉద్యోగి దగ్గర రాబట్టకూడదు, మధ్యలో ఎలాంటి ఒప్పందం రాసుకున్నా అది చెల్లదు. జీతంలోంచి కోసిన చందా యజమాని దగ్గర నమ్మి ఉంచిన సొమ్ము కింద లెక్క. కోసి కట్టకపోతే 85వ సెక్షన్ కింద ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, పది వేలు జరిమానా అని రాశారు. మన కొండల్లో ఆ సెక్షన్ కింద జైలుకెళ్లిన కాంట్రాక్టరుని మేమింకా చూడలేదు.

ఆ 'అసలు యజమాని' అనే మాటని మన యువకులు గట్టిగా పట్టుకోవాలి. కాంట్రాక్టరు కాదు అసలు యజమాని. ప్రభుత్వ శాఖ చేతికింద నడిచే సంస్థ అయితే, అందుకని ప్రత్యేకంగా నియమించిన అధికారి, అలాంటివారు లేకపోతే ఆ శాఖ అధిపతి. కాంట్రాక్టరు కట్టకుండా పారిపోతే "మాకు సంబంధం లేదు, వాళ్లనే అడగండి" అని ఆఫీసులో చెప్పే జవాబు చట్టం ముందు నిలబడదు. వాడి దగ్గర వసూలు చేసుకోవడం శాఖ తలనొప్పి.

చట్టం అలా ఉంది. హాస్టల్ ఎలా ఉందో చెబుతాం. మేం ఎరిగిన ఒక ఆశ్రమ పాఠశాలలో ఒక వంటావిడ ఏళ్ల తరబడి పనిచేసింది. ఈ కాలంలో కాంట్రాక్టరు మూడుసార్లు మారాడు, ఆమె మారలేదు, ఆమె గరిటె మారలేదు. ఏ నెలా జీతం రసీదు చేతికి రాలేదు. బ్యాంకులో పడింది తీసుకోవడమే. ఒకరోజు సాంబారు గుండిగ దించుతుంటే జారి మోకాలు కింద నుంచి పాదం దాకా కాలిపోయింది. ఈఎస్‌ఐ ఉంది కదా అని సూపర్‌వైజరుకి ఫోన్ చేస్తే, "అమ్మా, నీ నంబరు యాక్టివ్‌లో లేదు, కొత్త కంపెనీ వాళ్లు ఇంకా ఎక్కించలేదు" అన్నాడు. పాత కంపెనీ నంబరు ఏమైందని అడిగితే, అది వాళ్లనే అడగమన్నాడు. ఈఎస్‌ఐలో మనిషికి ఒకటే ఇన్సూరెన్స్ నంబరు, ఉద్యోగం మారినా అదే కొనసాగాలి. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. సూపర్‌వైజరుకి తెలిసే ఉంటుంది.

బ్యాంకు పుస్తకం తెచ్చి మేం లెక్క వేశాం. చెప్పిన జీతానికీ పడిన జీతానికీ మధ్య తేడా 0.75 శాతం కాదు. రెండు వాటాలూ ఆమె జీతంలోంచే పోతున్నాయి. సూపర్‌వైజరుని నిలదీస్తే "అందరికీ అలాగే చేస్తున్నాం కదా సార్" అన్నాడు, అదేదో న్యాయమైనట్టు.

ఇందులో మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది కాంట్రాక్టరు కాదు, వాడి వృత్తే అది. ఆ బడి హెచ్‌ఎం మనవాడే. "అక్కా" అని పిలుస్తాడు ఆమెని. కాలు కాలినరోజు తనే బండి మీద ఎక్కించుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్లాడు, మందులకి తన జేబులోంచే ఇచ్చాడు. మంచి మనిషి. కానీ బడిలో జరిగిన ప్రమాదం అని రిపోర్టు రాయలేదు. రాస్తే ఎంక్వయిరీ వస్తుంది, వంటగది ఎందుకలా ఉందని పైనుంచి అడుగుతారు. "ఇంటి దగ్గర కాలిందని చెప్పక్కా, ఎవరికీ గొడవ ఉండదు" అన్నాడు. ఆ ఒక్క కాగితం రాయకపోవడం వల్ల ఆమె ఏం పోగొట్టుకుందో ఆయనకి తెలియదు. పని చేస్తుండగా తగిలిన దెబ్బకి ఈఎస్‌ఐలో ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే హక్కు. పనికి పోలేని కాలమంతా జీతంలో 90 శాతం వస్తుంది. యజమాని చందా ఎగ్గొట్టినా కార్పొరేషన్ ముందు కార్మికుడికి చెల్లించి, తర్వాత యజమాని ముక్కు పిండి వసూలు చేసుకునే దారి 1948 చట్టం 68వ సెక్షన్‌లో ఉండేది. ఆమె మాత్రం మేకల్ని అమ్మి కట్లు కట్టించుకుంది.

మన చరిత్ర తెలిసినవాళ్లకి ఇది కొత్త కథ కాదు. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి నిప్పంటించిన వాటిలో గూడెం రోడ్డు పని ఒకటి. తహసీల్దారు బాస్టియన్ అక్కడ కూలీలకి ఇవ్వాల్సిన కూలి తగ్గించి ఇచ్చాడు. కాగితం మీద కూలి ఒకటి, చేతిలో పడిన కూలి ఇంకొకటి. అది 1922 నాటి మాట. బాస్టియన్ కనీసం దాన్ని సంక్షేమం అనలేదు.

సరే, కాంట్రాక్టరు నిజాయితీపరుడే అనుకుందాం. చందా నెలనెలా కడుతున్నాడనే అనుకుందాం. ఆ డబ్బుకి మనకేం వస్తోంది? పాడేరులో ఉన్నవాళ్లు ఈఎస్‌ఐ ఆస్పత్రికి వెళ్లాలంటే ఘాట్ దిగి, నూరు కిలోమీటర్లు దాటి విశాఖపట్నం మల్కాపురం చేరాలి. ఉట్నూరు మనిషికి సనత్‌నగర్ అంటే ఒక రాత్రి బస్సు. ఏజెన్సీ మండలాల్లో చాలాచోట్ల ఈఎస్‌ఐ డిస్పెన్సరీ అన్న బోర్డే కనపడదు. ఒక జ్వరానికి మందుబిళ్ల తెచ్చుకోవడానికి బస్సు ఛార్జీలు, పోయిన రోజు కూలి, తోడొచ్చిన మనిషి అన్నం అన్నీ కలిపితే రెండు మూడు నెలల చందా కంటే ఎక్కువవుతుంది. అందుకే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరే సూది వేయించుకుంటాం. హైదరాబాద్‌లో అదే జీతానికి అదే 624 కట్టిన మనిషి సిటీ బస్సెక్కి డిస్పెన్సరీకి పోతాడు. చందా ఒకటే, దక్కేది ఒకటి కాదు. వాడని మన చందాతో మైదానం ఆస్పత్రులు నడుస్తున్నాయని అంటే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. మైదానంలో కూలి చేసుకుని బతికేవాడి మీద మాకే కోపమూ లేదు. అతనికి అందేది మాకూ అందాలంటున్నాం.

రోజుల లెక్క ఇంకో ముడి. జబ్బు పడి పనికి పోలేనప్పుడు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఈఎస్‌ఐ ఇస్తుంది. అది రావాలంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఈ ఆర్నెల్ల గడువుల్లో సంబంధించిన గడువులో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. పత్తి ఏరడానికో, కొండ పంటకో, పెద్ద పండక్కో ఊరికొచ్చి వెళ్లే మన కుర్రాళ్లకి ఈ 78 చాలాసార్లు నిండదు. కాంట్రాక్టరు మధ్యలో పేరు తీసేసి కొత్తగా ఎక్కిస్తే అసలే నిండదు. చందా పోయిన రోజులు పోయినట్టే. కాన్పుకి 26 వారాల పూర్తి జీతం ఇవ్వాలని ఉంది. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మన ఆడపిల్లల్లో ఎంతమంది దాన్ని అందుకున్నారో ఈ పుస్తకం చదివే టీచర్లు ఒక్కసారి తమ బడిలోనే అడిగి చూడండి.

ఇదంతా విన్న మన తమ్ముళ్లు కొందరు ఒక మాట అంటారు. "అయితే ఈ ఈఎస్‌ఐ గొడవే వద్దన్నా. ఆ 624 మా చేతికే ఇచ్చేయమనండి. మా తిప్పలేవో మేం పడతాం." ఈ మాట మమ్మల్ని కాంట్రాక్టరు మోసం కన్నా ఎక్కువ భయపెడుతుంది. వాడికి కావలసిందీ ఇదే.

ఈఎస్‌ఐ మంచి ఏర్పాటు. ఇది మేం మొహమాటం లేకుండా చెబుతున్నాం. ఇందులో చందా జీతాన్ని బట్టి కడతాం, వైద్యం జబ్బుని బట్టి తీసుకుంటాం. ప్రైవేటు బీమా కంపెనీకి వెళ్తే ముందు నీ వయసు అడుగుతుంది, పాత జబ్బులు అడుగుతుంది, ఇన్ని లక్షల దాకానే అని గీత గీస్తుంది. ఈఎస్‌ఐ పాత జబ్బుందా అని అడగదు. సికిల్ సెల్ రక్తంలోనే పెట్టుకుని పుట్టే మన పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. మన గూడేల్లో ఎంతమందికి ఆ జబ్బుందో కేంద్రం 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టి ఇంటింటికీ పరీక్షలు చేయిస్తేగానీ బయటికి రావడం లేదు. నెలకి 624 దాచుకుంటే ఏడాదికి ఏడున్నర వేలు. కిడ్నీ పోయినవాడికి అది ఎన్ని రోజులు? పదిమంది కట్టినదాంట్లోంచి పడిపోయిన ఒక్కడిని లేపడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చావుకీ పెళ్లికీ ఇంటికింత బియ్యం, ఇంత డబ్బు పోగుచేసే ఊళ్లు మనవి. ఈఎస్‌ఐ కూడా ఆ పోగే. పోగు పెట్టిన చోట లెక్క అడగడం తప్పు కాదు, లెక్క సరిగ్గా లేదని పోగునే ఎత్తేయమనడం తెలివి కాదు.

ఇక ఆ పోగులోకి అసలు రానివ్వనివాళ్ల సంగతి. 1948 చట్టం సీజనల్ ఫ్యాక్టరీలని పక్కన పెట్టింది. సీజనల్ అంటే ఏవేవో కూడా చెప్పింది: పత్తి జిన్నింగు, వేరుశనగ పొట్టు తీయడం, చక్కెర, బెల్లం, రబ్బరు, తేయాకు, నీలిమందు, ఇంకా కాఫీ, లక్క. అరకు కాఫీ పేరు విమానాశ్రయాల్లో వెలుగుతోంది. ఆ గింజ ఎండబెట్టి, పొట్టు తీసి, సంచుల్లోకి ఎత్తే చేతులు చట్టం కంటికి ఆనలేదు. ఆ చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రతా కోడ్ తెచ్చారు, సీజనల్ ఫ్యాక్టరీ మినహాయింపు మాత్రం అందులోనూ అలాగే కూర్చుంది. గనుల చట్టం కిందికి వచ్చే గనినీ 1948 చట్టం ఫ్యాక్టరీ లెక్కలోంచి తీసేసింది. కాఫీ, లక్క, రాయి. మన కొండల్లో కూలి దొరికే పనులే ఏరి మరీ బయట పెట్టినట్టుంది. కావాలని చేసి ఉండరు. మనం ఉన్నామని గుర్తు లేక చేసి ఉంటారు, అది ఇంకా అవమానం.

అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశ కార్యకర్తలది ఇంకో కథ. వాళ్లకిచ్చేది జీతం కాదట, గౌరవ వేతనమట. జీతం అంటే యజమాని ఉన్నాడని ఒప్పుకోవాలి, యజమాని ఉంటే ఈఎస్‌ఐ కట్టాలి. ఒక్క 'గౌరవం' తగిలించి ఆ ఖర్చంతా తప్పించుకున్నారు. అంగన్‌వాడీ వాళ్లకి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పేదాకా అదీ లేదు. కొండ ఎక్కి గర్భిణిని డోలీలో దింపించే ఆశ అక్కకి తన నడుం నొప్పికి ఎవరి బీమా? ఆమె ఇంటిదే.

పైమెట్టున ఉన్నవాళ్లకి ఇంకో వింత. ఈఎస్‌ఐలో ఉండాలంటే నెల జీతం 21,000 దాటకూడదు. ఈ గీత 2017 జనవరిలో గీసింది, ఆ తర్వాత జరగలేదు. ధరలు మాత్రం జరిగాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పైమెట్టు అవుట్‌సోర్సింగ్ జీతం 17,500 నుంచి 21,500 చేసింది. తెలంగాణలో అదే మెట్టు 22,750. పెరిగిందని స్వీట్లు పంచుకున్నవాళ్లు కొన్నాళ్లకి ఈఎస్‌ఐ గీత దాటిపోయామని తెలుసుకున్నారు. 500 రూపాయలు ఎక్కువైనందుకు మొత్తం ఇంటి వైద్యం చేజారింది. ఆ తర్వాత బయట ప్రీమియం ఎంత అడుగుతారో ఇంట్లో ముసలి తల్లిదండ్రులున్న ఎవరినైనా అడగండి.

మరి మన చందా పోగుని కాపలా కాసేవాళ్లు ఎలా ఉన్నారు? 2019 సెప్టెంబరులో తెలంగాణ బీమా వైద్య సేవల విభాగం డైరెక్టర్‌ని మందుల కొనుగోళ్లలో అక్రమాల ఆరోపణ మీద ఏసీబీ అరెస్టు చేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి ఆరోపణల మీదే కేసు నడిచి, ఒక మాజీ మంత్రి అరెస్టు దాకా వెళ్లింది. ఎవరు దోషో కోర్టులు తేలుస్తాయి. మేం ఇక్కడ చూడమంటున్నది వేరే. ఆ వార్తలన్నీ 'ప్రభుత్వ సొమ్ము' అని రాశాయి, 'కోట్ల ప్రజాధనం' అని రాశాయి. అది కూలీల చందా అని ఎంతమంది రాశారు? ఒక వంటావిడ కాలి బొబ్బ మీద పూయాల్సిన మందు డబ్బు అది. ఎవరిదో తెలియని డబ్బుకి లెక్క అడిగేవాడు ఉండడు. కొసరు అని నమ్మించడం వల్ల వాళ్లకి కలిసొచ్చేది అదే.

పర్మినెంట్ టీచర్లతో ఒక మాట. మీకు ఈహెచ్‌ఎస్ కార్డు ఉంది. 2013లో మొదలైనప్పుడు స్థాయిని బట్టి నెలకి 90, 120 రూపాయలు కోసేవారు. బిల్లులు రాక నెట్‌వర్క్ ఆస్పత్రులు చేతులెత్తేసినప్పుడల్లా మీ సంఘాలు గట్టిగా అడిగాయి. "మా జీతంలోంచి కోసుకున్నారు, వైద్యం ఏది?" అని. చాలా సరైన ప్రశ్న. అదే ప్రశ్న మీ బడి వంటగదిలో ఉన్నవాళ్ల తరఫున మీలో ఎంతమంది అడిగారు? ఆమె తరఫున దరఖాస్తు రాసిపెట్టడానికి అరగంట పడుతుంది. 2020 ఏప్రిల్‌లో జీవో 3ని సుప్రీంకోర్టు కొట్టేశాక ఏజెన్సీలో టీచరు పోస్టు మన పిల్లలకి ఇంకా దూరమైంది. రేపు మీ పిల్లలే అవుట్‌సోర్సింగ్‌లో చేరొచ్చు. అప్పటికి ఈ కాగితాలు రాయడం ఊళ్లో ఎవరికో ఒకరికి వచ్చి ఉండాలి కదా.

ఏం రాయాలో చెబుతాం, పెద్ద విద్యేమీ కాదు. సమాచార హక్కు చట్టం కింద ఐటీడీఏకో, సంబంధిత శాఖకో దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసులో ఐదు రూపాయలు, ఆ పైన పది, గ్రామంలో అయితే ఫీజే లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఫలానా ఆశ్రమ పాఠశాలలో పనిచేసే అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి ఒక్కొక్కరికి నెలకి శాఖ కాంట్రాక్టరుకి చెల్లించిన మొత్తం ఎంత, అందులో జీతం ఎంత, ఈఎస్‌ఐ ఎంత, సర్వీస్ ఛార్జీ ఎంత అని అడగండి. కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందం నకలు, గత పన్నెండు నెలల ఈఎస్‌ఐ చలానాల నకళ్లు అడగండి. సర్వీస్ ఛార్జీ సున్నాకి దగ్గరగా రాసి టెండరు గెలిచి ఉంటే అది ప్రత్యేకంగా గీత గీసుకోండి. ఊరికే ఎవరూ వ్యాపారం చేయరు. వాడు తినేది ఎక్కణ్ణుంచో చలానాలు చెబుతాయి. వచ్చిన జవాబుని ఆమె బ్యాంకు పుస్తకం పక్కన పెట్టి కూడండి.

ఫోన్లు పట్టుకు తిరిగే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ పని ఇంకా తేలిక. ఉమంగ్ యాప్‌లో ఈఎస్‌ఐ విభాగం ఉంది. ఇన్సూరెన్స్ నంబరు కొడితే ఏ నెల ఎంత పడిందో కనిపిస్తుంది. మీది చూసుకున్నాక మీ అమ్మది, మేనత్తది, పక్కింటి వాచ్‌మన్ బావది చూసిపెట్టండి. ఖాళీ నెలలు కనిపిస్తే ఫొటో తీసి ఉంచండి, తేదీతో సహా.

ఆఫీసుల ముందు పెట్టాల్సిన మాటలు కూడా మేం కొన్ని అనుకున్నాం. ప్రతి అవుట్‌సోర్సింగ్ మనిషికీ నెలనెలా తెలుగులో జీతం రసీదు ఇవ్వాలి, అందులో రెండు వాటాలూ విడివిడిగా ఉండాలి, ఇన్సూరెన్స్ నంబరు ఉండాలి. కాంట్రాక్టరు మారినా నంబరు మారకూడదు. చలానా చూపించందే శాఖ కాంట్రాక్టరు బిల్లు పాస్ చేయకూడదు. పాడేరు, రంపచోడవరం, సీతంపేట, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే ఈఎస్‌ఐ గది ఒకటి తెరవాలి, కొత్త భవనాలు కట్టేదాకా ఆగక్కర్లేదు. 21,000 గీత జరపాలి. కాఫీ, లక్క పనివాళ్లని లోపలికి తీసుకోవాలి. ఇవి పట్టుకుని మేం ఒక ఐటీడీఏ ఆఫీసుకి వెళ్తే, అక్కడి గుమాస్తా చదివి, "ఇవన్నీ మీకు ప్రభుత్వం ఇచ్చేవి కదండీ, ఇచ్చినప్పుడు తీసుకోవాలి గానీ" అన్నాడు. ఆయన ముందే బల్ల మీద ఆ నెల కాంట్రాక్టరు బిల్లు ఉంది. మనిషికి 507 చొప్పున అందులో రాసే ఉంది. అది ఎవరి కూలిలోంచి వచ్చిందని అడిగాం. కాసేపు ఆ కాగితం వైపు చూసి, దరఖాస్తు మీద ముద్ర వేసి రసీదు ఇచ్చాడు.